కప్పలు కూడా లేని చోటు

పడవ ఎక్కేముందే మేడం గారు నా చేతిలో ఒక కాగితం పెట్టారు. మూడు రోజులు పడవ కావాలని, మా ఊరి చుట్టూ కొల్లేట్లో ఏ పాయ ఎటు పోతుందో చూపించాలని అందులో ఉందట. పైన పెద్ద అక్షరాలతో ‘సహజ వనరుల పాలన, ఆదాయ నిర్వహణ నిపుణులు’ అని ఉంది. నేను ఏడో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి. నేను మానేసినందుకు బడి కూడా పెద్దగా బాధపడలేదు. ఆ ఒక్క వరుస కూడబలుక్కుని చదివేసరికి రేవు వెనకబడిపోయి, పడవ గుర్రపుడెక్క మధ్యకి వచ్చేసింది.

“ఇంత పొడుగు పేరు పెట్టుకుని ఇంత చిన్న పడవలో ఎలా పడతారండీ?” అన్నాను.

మేడం గారు నవ్వారు. పక్కనున్న కళ్ళజోడు సార్ నవ్వలేదు. ఆయన చేతిలో పలకలాంటి ట్యాబ్ ఉంది. అది ఎక్కడ నీళ్ళలో పడిపోతుందోనని మూడు రోజులూ పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నారు.

వాళ్ళ పనేమిటో మేడం గారే చెప్పారు. అంతకుముందు ఎక్కడెక్కడో గనుల దగ్గర, ఇసుక రేవుల దగ్గర ఇదే పని చేశారట. నేలలోంచో నీళ్ళలోంచో వచ్చేదాన్ని ఎవరు తీసుకుంటున్నారు, దాని ఆదాయం ఎవరికి చేరుతోంది, పంచేది ఎవరు, తగువొస్తే తీర్చేది ఎవరు, ఇవన్నీ చూసి ప్రభుత్వానికి రాసివ్వడం.

“అంటే మా పెద్దాళ్ళు అరుగు మీద కూర్చుని చేసేదేనండీ. వాళ్ళకి జీతం లేదు, అంతే తేడా” అన్నాను. ఈసారి సార్ కూడా నవ్వారు.

వాళ్ళు రావడానికి ముందు రోజు ఊరి పెద్దాయన చర్చి ముందున్న రేకుల షెడ్డులో అందరినీ కూర్చోబెట్టాడు. ఆయన మా నాన్నకి అన్న వరస, నాకు పెదనాన్న. “ఏమడిగినా చేపల్లేవనే చెప్పండి. పడితే కూరకి, పడకపోతే లేదు, అంతే అనండి” అని మరీ మరీ చెప్పాడు. దానికి కారణం లేకపోలేదు. చాలా ఏళ్ళ కిందట కొందరు కాగితాలు పట్టుకుని వచ్చి, ఎవరికెన్ని చెరువులున్నాయో రాసుకుపోయారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి పెద్ద మిషన్లు వచ్చి చెరువుల గట్లు తవ్వేశాయి. రాసుకున్నవాళ్ళకీ తవ్వినవాళ్ళకీ సంబంధం ఉందో లేదో మాలో ఎవరికీ తెలీదు. కానీ ఇప్పటికీ మా ఊళ్ళో ఎవరైనా జేబులోంచి పెన్ను తీస్తే పెద్దవాళ్ళకి పొక్లెయిన్ చప్పుడు వినిపిస్తుంది.

కాబట్టి ఊరంతా ఒకటే మాట. ఏ గడపలో అడిగినా, ఏ దోనె ఆపి అడిగినా, చేపల్లేవు. మిగతావాళ్ళు అక్కడితో ఆగిపోయారు. నేను ఆగితే ఇంక నేనెందుకు? చేపలు ఎప్పుడో కాపురం మార్చేశాయన్నాను. గూడబాతులు రోజూ ఏలూరు వెళ్ళి హోటల్లో భోంచేసి వస్తున్నాయన్నాను. మేడం గారు నవ్వుతూనే ఉన్నారు, సార్ రాసుకుంటూనే ఉన్నారు. రెండో రోజు వంతెన కింద, పాయ మూతి దగ్గర పడవ ఆపించి, “ఇక్కడ వేట ఉంటుందా?” అని అడిగారు సార్.

“ఇక్కడ కప్పలు కూడా ఉండవండీ” అన్నాను.

సార్ ట్యాబ్ మీద వేలు నొక్కారు. నేను ఇంజను స్టార్ట్ చేశాను.

ఆ చోటు మా అక్కది.

అదెలా అక్కదైందో చెప్పాలి. ఏటా వానలు పడి పాయల్లోకి కొత్తనీరు రాగానే మేం వేట చోట్లు పంచుకుంటాం. ఇంటికో చెక్కముక్క ఉంటుంది. దాని మీద ఆ ఇంటి గుర్తు. ఒకరిది గీత, ఒకరిది చుక్క, మాది సగం అరిగిపోయిన సిలువ. అన్నీ ఒక బిందెలో వేసి, ఊరికి కొత్తగా వచ్చిన అల్లుడి చేత తీయిస్తారు. కొత్తల్లుడే ఎందుకంటే ఆయనకి మా నీళ్ళలో వాటా లేదు. ఎవరి చెక్క ముందొచ్చినా ఆయనకి ఒరిగేది లేదు, పోయేది లేదు. వచ్చిన వరసలో ఎవరి చోటు వాళ్ళు ఎంచుకుంటారు.

అయితే బిందె కదపకముందే ఒక చోటు పక్కన పెట్టేస్తారు. అదే వంతెన కింద పాయ మూతి. చేపలు అటు వెళ్ళాలన్నా ఇటు రావాలన్నా అదే దారి. లోతు తక్కువ. దోనె అక్కర్లేదు, మోకాలు లోతు నీళ్ళలో నిలబడి మావులు పెట్టుకోవచ్చు. మావు అంటే వెదురుతో అల్లిన బుట్ట. ఇల్లరికం అల్లుడిలాగా చేప అందులోకి వెళ్తుందేగాని బయటికి రాదు. ఆ చోటు మగదిక్కు లేని ఇంటికి ఇస్తారు. బావ పోయాక నాలుగేళ్ళుగా అది మా అక్కదే. ఇద్దరు ఆడపిల్లల చదువులు ఆ మోకాలు లోతు నీళ్ళలోంచే వస్తున్నాయి.

మూడో రోజు మధ్యాహ్నం, పని అయిపోయి రేవుకి తిరిగొస్తుంటే, సార్ రాసుకున్నదంతా నాకు చదివి వినిపించారు. తప్పులుంటే చెప్పమన్నారు. ఒక్కో పాయ పేరు, దాని పక్కన ‘వాడుకలో లేదు’. ఇంకో పాయ, ‘కూరకి మాత్రమే’. నా అబద్ధాలు నాకే అంత అందంగా వినిపిస్తుంటే గర్వంగానే ఉంది. చివర్లో వచ్చింది: “వంతెన కింద పాయ మూతి, వాడుకలో లేదు.”

“వాడుకలో లేదంటే ఏమవుతుందండీ?” అని ఊరికే అడిగాను.

మేడం గారు చెప్పారు. “ఊరి ఆనవాయితీ ప్రకారం వాడుకుంటున్న నీళ్ళు ఊరివాళ్ళకే వదిలేయమని రాస్తున్నామండి. ఎవరూ వాడుకోని చోట్లు బహిరంగ వేలానికి పెట్టవచ్చని రాస్తాం.”

“వేలమంటే ఎవరైనా పాడుకోవచ్చాండీ?”

“ఎవరైనా.”

ఇంజను ఆపేశాను. ఏమైందని సార్ అడిగితే, గుర్రపుడెక్క చుట్టుకుందన్నాను. నిజానికి చుట్టుకుంది నా నాలుక. మూడు రోజులు ఆగకుండా వాగినవాడికి ఒక్క నిజం బయటికి రాలేదు. ఊరంతా కలిసి కట్టిన అబద్ధం అది. పెదనాన్నని అడక్కుండా నేనొక్కణ్ణే విప్పితే రేపు ఆయన ముఖం ఎలా చూడాలి? వాళ్ళు రేవులో దిగి, నా చేతిలో డబ్బు పెట్టి, మీవల్లే పని తేలికైందని మెచ్చుకుని కారెక్కారు. ఆ రాత్రికి గూడెం టౌనులో గెస్ట్ హౌస్‌లో ఉంటారట. మర్నాడు మధ్యాహ్నం రైలు, అది ఎక్కేలోపు రిపోర్టు పంపేస్తారట.

సాయంత్రం అక్క దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. అక్క మావులు బాగుచేసుకుంటోంది. చేతిలో వెదురుపుల్ల అలాగే పట్టుకుని అంతా విన్నది.

“చేపల్లేవని ఊరంతా చెప్పారు, సరే. మధ్యలోకి కప్పల్ని ఎందుకు లాక్కొచ్చావురా?”

“ఏదో నవ్వుతారని...”

“నవ్వారా?”

“నవ్వారు.”

“అబద్ధమాడకూడదని ఆదివారం ఆదివారం వింటూనే ఉన్నావు కదరా. పోనీ ఆడేవాడివి నీ చోటు గురించి ఆడొచ్చు కదా!”

పుల్ల మావులోకి దోపి అక్క లేచిపోయింది. తెల్లారేసరికి చిన్న బకెట్ మీద మూత బిగించి, గోనెపట్టా తడిపి చుట్టి, బస్సు దగ్గర నా కోసం నిలబడి ఉంది. ఆ పొద్దున పాయ మూతిలో పడిన కొర్రమీను అందులో ఉంది. నా ముంజేతి పొడుగు.

“నువ్వు చెప్తే నమ్మరు. మూడు రోజులు చెప్పినవాడివి కదా. దీన్ని నమ్ముతారు” అంది.

ఏలూరులో పాసింజరెక్కాం. దెందులూరు దాటేదాకా కొర్రమీను బుద్ధిగానే ఉంది. భీమడోలు వస్తోందనగా దానికి ఓపిక చచ్చిపోయింది. మూత తన్నుకుని ఎగిరి, ఎదురుగా పేపరు చదువుకుంటున్న పెద్దాయన ఒళ్ళో పడింది. ఆయన పేపరు కిందపెట్టి, కళ్ళజోడు సర్దుకుని, ఎంతో మర్యాదగా, “ఏవండీ, ఇది మీదేనాండీ?” అని అడిగారు.

“మా సాక్షి అండీ. వాంగ్మూలం ఇప్పించడానికి తీసుకెళ్తున్నాం” అన్నాను.

అక్క నా వైపు చూసిన చూపుకి నేనూ చేపా ఇద్దరం చల్లబడ్డాం. మళ్ళీ గూడెం దాకా ఇద్దరం కదల్లేదు.

గెస్ట్ హౌస్ వరండాలో మేడం గారూ సారూ పెట్టెలు సర్దుకుని టిఫిను చేస్తున్నారు. నన్ను చూసి, “ఏంటండీ, పడవ ఇక్కడిదాకా తెచ్చారా?” అన్నారు మేడం గారు. జన్మలో మొదటిసారి ఒక జోకుకి జవాబు చెప్పలేకపోయాను. చేతులు కట్టుకుని, చెప్పిందంతా అబద్ధమండీ అన్నాను. ఎందుకు చెప్పామో, ఎవరు చెప్పమన్నారో, గట్ల సంగతీ మిషన్ల సంగతీ అన్నీ చెప్పాను. అక్క మూత తీసి బకెట్ ముందుకి జరిపింది. సార్ వంగి చూసి, ఇడ్లీ ప్లేటు పట్టుకుని వెనక్కి జరిగారు.

కోప్పడతారనుకున్నాను. మేడం గారు కోప్పడలేదు. కుర్చీ లాక్కుని అక్కకి దగ్గరగా కూర్చుని, “చోట్లు ఎలా పంచుకుంటారమ్మా?” అని అడిగారు. అక్క చెక్కముక్కల గురించి, బిందె గురించి, కొత్తల్లుడి గురించి చెప్పింది. బిందె కదపకముందే పక్కన పెట్టే చోటు గురించి చెబుతుంటే సార్ ఇడ్లీ వదిలేసి ట్యాబ్ తీశారు.

“మళ్ళీ చెప్పండి. మొదటి నుంచి.”

మళ్ళీ చెప్పింది. అప్పుడు మేడం గారు, “మేం ఇలాంటిది వెతుక్కుంటూనే వచ్చామమ్మా. మూడు రోజులు మీ తమ్ముడి పక్కనే కూర్చున్నాం” అన్నారు. నాకు బకెట్లోకి దూరిపోవాలనిపించింది.

కానీ చిక్కు తీరలేదు. ఊరంతా ఒకటి చెప్పగా, ఇద్దరొచ్చి ఇంకోటి చెప్తే రిపోర్టు మార్చడానికి వీల్లేదన్నారు సార్. ఊరి పెద్ద ఒక్కరైనా అవునని చెప్పాలి. ఇక దారేముంది? పెదనాన్నకి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాను. మేడం గారు నమస్కారం చెప్పి, వంతెన కింద చేపలు పడతాయటగా అని అడిగారు.

“చేపలా అండీ? అయ్యో, ఎక్కడివండీ! కూరక్కూడా లేవండీ బాబూ” అన్నాడు పెదనాన్న. ఆలోచించుకోవడానికి ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. బకెట్లో కొర్రమీను తోక కొట్టింది.

సార్ నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. అక్క నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

“పెదనాన్నా, నేను.”

పెదనాన్న గొంతు తగ్గించాడు. “నువ్వక్కడేం చేస్తున్నావమ్మా?”

“నా చోటు కోసం వచ్చాను. ఎవరిదీ కాదని రాస్తున్నారు, వేలం పెడతారట. ఆయన చనిపోయిన ఏడాది మొదటి మావు నా చేతికిచ్చింది మీరే కదా. ఇచ్చానని చెప్పండి. లేదంటే ఇవ్వలేదని చెప్పండి. మీరెలా చెప్తే అలాగే రాసుకుంటారు.”

రోడ్డు మీద ఉల్లిపాయల లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

“ఇచ్చానమ్మా” అన్నాడు పెదనాన్న. గొంతు సవరించుకుని, “ఏవండీ మేడం గారూ, రాసుకోండి. ఇచ్చాను. మా నాన్న కూడా ఇలాగే ఇచ్చేవాడు” అన్నాడు.

ఆ తర్వాత ఆయన్ని ఆపడం ఎవరివల్లా కాలేదు. ఏ పాయ ఎవరిది, ఏ గుర్తు ఏ ఇంటిది, తన చిన్నప్పుడు ఏ అల్లుడు బిందెలో చెయ్యి ఇరికించుకుని ఊరంతా నవ్వులపాలయ్యాడు, అన్నీ వచ్చాయి. మూడు రోజులు దాచిందంతా ఒక్క గంటలో కక్కేశాడు. సార్ ఒక్కో వరుసా కొట్టేసి మళ్ళీ రాశారు. చివర్లో ట్యాబ్ అక్క వైపు తిప్పి చూపించారు. ‘వంతెన కింద పాయ మూతి. వాడుకలో ఉంది. మగదిక్కు లేని ఇంటికి, బిందెతో పని లేకుండా, ఊరి ఆనవాయితీ.’ అక్క వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకుంది. చదివాక వంగి బకెట్ మీద మూత బిగించింది. నేను మెట్టు మీద కూలబడ్డాను. పొద్దున్నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. సార్ తన రెండో ప్లేటు నాకు జరిపారు.

కొర్రమీనుని తీసుకోమని అక్క ఎంత బతిమాలినా వాళ్ళు తీసుకోలేదు. వాళ్ళ ఉద్యోగంలో ఏమీ పుచ్చుకోకూడదట. దాంతో సాక్షి వచ్చిన దారినే తిరిగి రైలెక్కింది. అక్క దాన్ని ఆ సాయంత్రం పులుసు పెట్టింది. నాకు తోక ముక్క వేసింది. అడిగితే, “నీకు తల వేస్తే అది కూడా ఏదో ఒకటి వాగుతుంది” అంది.

మరుసటి వానాకాలానికి కబురొచ్చింది. మా పాయలు వేలంలో లేవు. ఆ ఏడాది ఊళ్ళో ఒక్క ఆడపిల్లకీ పెళ్ళి కాలేదు, కొత్తల్లుడే లేడు. బిందె ఎవరు ముట్టుకోవాలని పెద్దాళ్ళు తలలు పట్టుకుంటున్న రోజున మేడం గారూ సారూ చూడడానికి వచ్చారు. పెదనాన్న ఆవిణ్ణి ఎగాదిగా చూసి, “మేడం గారికి మన నీళ్ళలో వాటా లేదు కదా” అన్నాడు. అంతే. చీర కొంగు దోపుకుని, ఆవిడే ఒక్కో చెక్కా తీశారు. మా సిలువ ఐదోది వచ్చింది. ఫరవాలేదు.

సార్ కోసం నేను మళ్ళీ పడవ తీశాను. వంతెన దగ్గరికి వచ్చాక, ట్యాబ్‌ని గుండెలకి హత్తుకుని, “ఈసారి ఎలా ఉన్నాయండీ చేపలు?” అని నన్నే అడిగారు. ఒక మంచి మాట నాలుక చివర దాకా వచ్చింది కూడా.

అక్క బిందె దగ్గరికి రాలేదు. రావలసిన పనీ లేదు. అప్పటికే వంతెన కింద మోకాలు లోతు నీళ్ళలో నిలబడి మావు పెడుతోంది. తలెత్తకుండానే కేకేసింది.

“వాణ్ణి అడక్కండి సార్. నన్నడగండి.”