కాజాలక్క వేళ్లు

ఆ వీధిలో ఆమెను అందరూ కాజాలక్క అనేవారు. టైలరు మాస్టరైన భర్త కోట్లు కత్తిరించి కుడితే, గుండీలు పట్టే కాజాలను ఆమె చేత్తో కుట్టేది. ఆమె సూది నడిచిన చోట గుడ్డ మెల్లగా కళ్లు విప్పేది.

ఆ చలికాలం వేళ్లు మొరాయించాయి. పొద్దున్నే రెండు చేతులూ వాచి, గుప్పిట మూసుకునేది కాదు. తన జడ తనే అల్లుకోలేకపోయేది. ఎండ కిటికీ ఎక్కాక వేళ్లు కాస్త సడలేవి.

"ఒంట్లో రోగనిరోధక శక్తి లేదు వదినా," అని తేల్చేసి ఆడపడుచు బలం పొడి డబ్బా తెచ్చింది.

దాన్ని నీళ్లలో కలిపి మాస్టరు దగ్గరుండి తాగించేవాడు. "తాగవే, నీ ఒంట్లో సైన్యం పెరగాలి."

"ఈ చేదుకి ఉన్న సైన్యం కూడా పారిపోతుందండీ."

కూతురు లాయరు కాబోతోంది. ఆమె నల్లకోటు బల్ల మీద కాజాల కోసం ఎదురుచూస్తోంది. "మిషను మీద కుట్టించేద్దాం అమ్మా," అంది కూతురు.

"నేనుండగానా?" అని సూది అందుకుంది. సూది జారిపోయింది. మళ్లీ అందుకుంది. మళ్లీ జారింది. ఆ రోజు ఆమె నవ్వలేదు.

రక్తపరీక్షలు చూసి డాక్టరమ్మ చెప్పింది: "మీ ఒంటిని కాచే సైన్యానికి బలం తక్కువై కాదమ్మా ఇది. క్రిములతో పోట్లాడాల్సింది పోయి, మీ కీళ్లనే శత్రువులనుకుంటోంది."

మాస్టరు తల పట్టుకున్నాడు. "ఇన్నాళ్లూ బలం పొడి పోసి దాన్నేనా నేను మేపింది!"

డాక్టరమ్మ నవ్వేసింది. "ఆ పొడితో ఇది తగ్గదు. ఆపేయండి."

కాజాలక్క ఆలోచనలో పడింది. "జేబు కుడుతుంటే కింది పొర కూడా సూదికి దొరికి, జేబు మూసుకుపోతుంది చూడండి, అలాగా? మిషనుకి బలం తగ్గి కాదు, పొర తేడా తెలియక."

"సరిగ్గా అలాగే. మందు దాని దూకుడు తగ్గిస్తుంది. జబ్బు పూర్తిగా పోతుందనను, అదుపులో ఉంటుంది. కాపలా కాస్త పలచబడుతుంది కాబట్టి, జ్వరమొస్తే మాత్రం వెంటనే రండి."

మందు తొందరపడలేదు. చలి వెళ్లిపోయింది. కిటికీ అవతల కొమ్మలకు లేత ఆకుపచ్చ కాజాలు పడ్డాయి.

ఒక ఉదయం దుకాణం దద్దరిల్లింది. "ఏమండీ!"

మెడలో టేపుతో మాస్టరు పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందే?"

"జడ!"

"జడకేమైంది?"

"నేనే అల్లుకున్నా! అల్లేదాకా నాకే తెలియలేదు!"

అతను జడను కొత్త పట్టుగుడ్డలా చేతిలోకి తీసుకుని చూశాడు. ఆమె అప్పటికే నల్లకోటు ఒళ్లోకి లాక్కుంది.

కాజాలన్నీ పూర్తయి, కోటు తొడుక్కున్నాక కూతురు కిందికి చూసుకుంది. "అమ్మా, ఈ చివరిది కాస్త వంకరగా ఉందే."

"అలిసిపోయి కునుకు తీస్తోందిలే. లేపకు."

చివరి గుండీ తల్లే పెట్టింది. బొటనవేలు, చూపుడువేలు కలిసి మెత్తగా నొక్కాయి. గుండీ కాజాలోకి జారి, ఇంటికొచ్చినట్టు నిలిచిపోయింది.

"వదినా, నా డబ్బా ఏదీ?" గుమ్మంలోంచి ఆడపడుచు గొంతు.

మాస్టరు డబ్బా గలగలా ఊపాడు. "ఇదిగో. ఇప్పుడు గుండీలు మేస్తోంది."