మణెమ్మ రోడ్డు దిగిన చోట

1992 జూన్‌లో నన్ను నల్గొండ జిల్లా నుంచి మహబూబ్‌నగర్ జిల్లాకు బదిలీ చేశారు. కొత్తకోట వైపు ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ ఉద్యోగం. హోదా పేరు వినడానికి దర్జాగానే ఉంటుంది. చేతిలో ఒక విజిల్, బీరువాలో గాలి పోయిన వాలీబాల్‌లు, ఆటల పీరియడ్ అంటే లెక్కల సార్‌కు అదనపు పీరియడ్ అనుకునే ప్రిన్సిపాల్. అంతకు మించి ఏమీ లేదు. అయినా ఆ కాలేజీ నాకు మణెమ్మను ఇచ్చింది కాబట్టి ఆ బదిలీని నేనెప్పుడూ తిట్టుకోలేదు.

మణెమ్మ ఇంటర్ మొదటి సంవత్సరం. వాళ్ల పొలంలో దిగుడుబావి ఉండేది. అన్నలతో పాటు అందులో దూకి ఈత నేర్చింది. ఊరి నుంచి కాలేజీకి వాళ్ల బాపు సైకిల్ మీద అడ్డకడ్డీ కింద నుంచి కాలు పెట్టి తొక్కుతూ వచ్చేది, తర్వాత సీటు అందింది. ఇక పరుగంటారా, ఆ పిల్లను నడవమంటేనే కష్టం. నేను పీఈటీ ట్రైనింగ్ చేస్తా మేడమ్, మీ లెక్క విజిల్ ఊదుత అని చేరిన మొదటి నెలలోనే చెప్పింది. ఆ ట్రైనింగ్‌లో సీటు రావాలంటే స్పోర్ట్స్ కోటా ఒక్కటే దారి. కోటాకు జాతీయ పోటీల సర్టిఫికెట్ కావాలి.

మరుసటి చలికాలం ఆ దారి తెరుచుకుంది. నల్గొండ, మహబూబ్‌నగర్ రెండు జిల్లాలకు కలిపి తక్కువ దూరాల ట్రయాథ్లాన్ పెట్టి, ఆడపిల్లల్లో మొదట వచ్చిన ఒక్కరిని జాతీయ పోటీలకు పంపుతామని కబురొచ్చింది. ట్రయాథ్లాన్ అంటే ముందు ఈత, తర్వాత సైకిలు, ఆఖరికి పరుగు. మధ్యలో గడియారం ఆగదు. ఒక దాని నుంచి ఇంకో దానికి మారే స్థలంలో సైకిళ్లు, బూట్లు పెట్టుకుంటారు. దాన్ని మేం మార్పు జాగా అనేవాళ్లం. ఒడ్డుకొచ్చి తుడుచుకున్నా, బూటు లేసు కట్టుకున్నా, ఒకటికి పోయినా, అంతా మన టైములోనే పోతుంది.

ఒకటికి పోవడం దగ్గరే అసలు తిప్పలు. మా ఆడపిల్లలు పోటీ ఉన్నరోజు నీళ్లు ముట్టరు. ఇది ఎవరో నేర్పిన పద్ధతి కాదు. మైదానాల్లో మరుగుదొడ్డి ఉండదు కాబట్టి అక్కలను చూసి చెల్లెళ్లు నేర్చుకున్నది. ముందురోజు సాయంత్రం నుంచే గొంతు తడుపుకుని ఊరుకుంటారు. మధ్యాహ్నం ఎండలో కళ్లు తిరిగి పడిపోతే మేం గ్లూకోజ్ పొట్లం చింపుతాం. పిల్ల బలహీనంగా ఉందమ్మా, ఇంట్లో తిండి సరిగ్గా పెడుతున్నారా అని మగ సార్లు సానుభూతి చూపిస్తారు. నాకు ఒళ్లు మండేది. తిండి కాదండీ, జాగా లేక అని ఎన్నిసార్లు నెత్తీనోరూ కొట్టుకున్నా, ఆ మాట వినగానే అందరికీ ఏదో పని గుర్తొచ్చేది.

నేను హైదరాబాద్‌లో శిక్షణ శిబిరానికి వెళ్లినప్పుడు అక్కడి శిక్షకుడు ఒక చిట్కా చెప్పాడు. విదేశాల్లో ఈత ముగిసేలోపే నీళ్లలో పని కానిచ్చేస్తారట, ఒడ్డున టైము కలిసొస్తుందట. తిరిగొచ్చి మా పిల్లలకు చెప్పాను. మణెమ్మ నోరు తెరిచి నా మొహం చూసింది. “నీళ్లల్లనా మేడమ్? థూ! మా ఊరోళ్లు గా నీళ్లే తాగుతరు. మా అవ్వకు తెలిస్తే నన్ను ఇంట్లకు రానియ్యదు.” మా పోటీ జరిగే ప్రాజెక్టు నీళ్లే చుట్టూ ఉన్న ఊళ్లకు తాగే నీళ్లు. నా శిక్షణ మొత్తం అక్కడే ఆగిపోయింది.

సరే, వేరే దారి పట్టాను. మార్పు జాగా పక్కన కనాతు కట్టించి, అందులో గుంట తవ్వించి, నీళ్ల బకెట్టు పెట్టిస్తానన్నాను. కనాతు అంటే పెళ్లిళ్లలో టెంట్ హౌస్ వాళ్లు నాలుగు వైపులా కట్టే రంగుల గుడ్డ. పోటీల కార్యదర్శి జంగయ్య సార్ ఒప్పుకున్నారు. ఆయన నాకంటే సీనియర్ ఫిజికల్ డైరెక్టర్. పిల్లల కోసం సొంత పనులు మానుకుని తిరిగే మనిషి, పాపం మంచివారే. ఇక మణెమ్మను నీళ్లు తాగించడం నా వంతు. నెల రోజులు ప్రాక్టీసులో బతిమాలాను, కసిరాను. చివరికి “మీరు జాగ సూపెట్టుండ్రి మేడమ్, బిందెడు తాగుత” అని మాటిచ్చింది. ముందురోజు సాయంత్రం టెంట్ హౌస్ వాళ్లు సైకిల్ స్టాండుకు ఆనుకుని కనాతు కట్టగానే తీసుకెళ్లి చూపించాను. లోపలికి పోయి చూసి, బయటికొచ్చి, నవ్వి, నా ముందే రెండు గ్లాసులు తాగింది. పొద్దున కూడా నేను చెప్పినన్ని తాగింది.

ఆ పొద్దున నా డ్యూటీ నీళ్ల ఒడ్డున. ఆడపిల్లల విభాగానికి నేను టెక్నికల్ అధికారిని, అంటే ఈత మొదలుపెట్టించి, అందరూ క్షేమంగా ఒడ్డుకు వచ్చి, తాళ్లు, పడవలు తీయించేదాకా కదలకూడదు. మార్పు జాగా అక్కడికి కట్ట అవతల. నాకు కనిపించదు. అక్కడ ఏం జరిగిందో నాకు పోటీ అయ్యాక గాని తెలియలేదు.

జంగయ్య సార్ పొద్దున్నే వచ్చి చూస్తే, స్టేజీకి సరిగ్గా ఎదురుగా కనాతు కనిపించింది. ముఖ్య అతిథి కూర్చుంటే ఆయన చూపు నేరుగా దాని మీదే పడుతుంది. ఆడపిల్లలు అందరి కళ్ల ముందు అందులోకి పోయి రావడం ఏం మర్యాద అనుకున్నారు. అప్పటికప్పుడు పీకించి ప్రాజెక్టు గెస్ట్ హౌస్ వెనక, చెట్ల చాటున కట్టించారు. కట్టించి ఊరుకోలేదు, పిల్లలకు చెప్పండని ఇద్దరు వాలంటీర్లకు అప్పజెప్పారు. ఇద్దరూ మగవాళ్లు. ఒకరు చెప్పి ఉంటారని ఇంకొకరు అనుకున్నారు. మైకు పట్టుకున్నాయన తాళంచెవులు దొరికాయని, మజ్జిగ వచ్చిందని, ఫలానా కారు అడ్డం తీయమని పొద్దున నుంచి చెబుతూనే ఉన్నాడు. ఇది మాత్రం చెప్పలేదు.

మణెమ్మ నల్గొండ నుంచి వచ్చిన అమ్మాయి వెనక, నీళ్లలోంచి రెండోదిగా లేచింది. బాగా ఈదింది, భుజం తట్టి పంపాను. కట్ట దిగి మార్పు జాగాకు పోతే కనాతు లేదు. గుంజలు పీకిన బొక్కలు, పూడ్చిన గుంట ఉన్నాయి. వాటికి ఎదురుగా స్టేజీ మీద పెద్దలు కూర్చుని ఉన్నారు. అడగడానికి ఆడమనిషి లేదు. బిగబట్టుకుని సైకిలెక్కింది. నల్గొండ అమ్మాయిని సైకిల్ మీదే దాటేసి, తిరిగి అదే జాగాకు మొదటిదిగా వచ్చింది. మళ్లీ చుట్టూ చూసింది. లేదు. సైకిలు పెట్టి పరుగు మొదలుపెట్టింది.

ఆ రోడ్డు మీ కళ్లకు కట్టాలంటే, రెండు వైపులా రాళ్లు, కోసేసిన జొన్నచేలు, చాటుకు ఒక తుప్ప కూడా లేదు. పైగా వింత చూడ్డానికి జనం. మధ్యలో రోడ్డు వంపు తిరిగే చోట నాలుగిళ్లున్నాయి. ఒక ఇంటి గడపకు గోనెపట్టా పరదా వేలాడుతోంది. పరదా పక్కన రజియాబీ అనే పెద్దామె నిలబడి పోటీ చూస్తోంది. మణెమ్మ రోడ్డు దిగి ఆమె ముందు ఆగింది. ఏమీ అడగలేకపోయిందట. ఆ సాయంత్రం నేను వెళ్లినప్పుడు రజియాబీ చెప్పింది. “పిల్ల మొకం చూస్తేనే సమజైంది బేటీ. పరదా ఎత్తిన, లోపలికి రా అన్న. ఎనక గుసల్‌ఖాన సూపిచ్చిన. ఏడుస్తుండె.” గుసల్‌ఖాన అంటే పెరట్లో స్నానాల చాటు.

లోపల ఉండగానే పరదా బయట జనం మూగారు. పిల్ల ఎటు పోయింది, ఎందుకు పోయింది అని వాకబు. వాళ్ల మధ్యలోంచి బయటికి రావడానికి మణెమ్మకు కాళ్లు రాలేదు. రజియాబీ వెనక తలుపు తీసింది. ఆ తలుపు బయటి సందు పోయి రోడ్డు వంపు అవతల కలుస్తుంది. మణెమ్మ అటు నుంచి రోడ్డెక్కి, అప్పటికే ముందుకెళ్లిన నల్గొండ అమ్మాయిని మళ్లీ అందుకుని, మొదటిదిగా గీత దాటింది. అప్పుడే నేను కట్ట దిగి వచ్చాను. ఉరికి వచ్చి నా నడుము పట్టుకుంది. ఆ క్షణంలో కలిగినంత సంతోషం నాకు నా సొంత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు.

నల్గొండ కోచ్ అభ్యంతరం రాసిచ్చాడు. ఆయనను తప్పు పట్టను, ఆ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని. జరిగింది అప్పుడే మణెమ్మ నా చెవిలో చెప్పింది. నిబంధన ఏమిటంటే, పోటీదారు అవసరమైతే దారి దిగవచ్చు. కానీ దిగిన చోటే మళ్లీ ఎక్కాలి. వేరే చోట ఎక్కితే దారి తగ్గించుకున్నట్టు లెక్క, పోటీ నుంచి తొలగిస్తారు. తప్పనిసరి కారణం ఉంటే జ్యూరీ వినవచ్చు, కాస్త టైము కలిపి స్థానం ఉంచవచ్చు. అయితే ఆ కారణాన్ని పోటీదారే స్వయంగా జ్యూరీ ముందు చెప్పాలి. జ్యూరీ అంటే ముగ్గురు పెద్ద అధికారులు. ముగ్గురూ మగవాళ్లే.

గెస్ట్ హౌస్ వరండాలో విచారణ. జ్యూరీ, జంగయ్య సార్, నల్గొండ కోచ్, నేను. మణెమ్మను నిలబెట్టారు. జ్యూరీ పెద్ద మర్యాదగానే అడిగారు, “ఎందుకు దిగినవు బిడ్డా రోడ్డు?” అని. మణెమ్మ తల వంచుకుని కాలి బొటనవేలితో గచ్చు గీకుతూ ఉంది.

“ఉత్తగనే పోయిన సార్” అంది.

నేను ఉండబట్టలేకపోయాను. కనాతు మార్చిన సంగతి, పిల్లకు ఎవరూ చెప్పని సంగతి, తను ఏ అవసరానికి దిగిందో, అన్నీ చెప్పేశాను. చెబుతూ జంగయ్య సార్ వైపు చూశాను. ఆయన టీ కప్పులోకి చూస్తున్నారు. జ్యూరీ పెద్ద మణెమ్మ వైపు తిరిగి, “మేడమ్ చెప్పింది నిజమేనా? ఔను అను చాలు” అన్నారు.

మణెమ్మ తలెత్తి మొదటిసారి అందరినీ చూసింది. “కాదు సార్. మేడమ్ నన్ను బచాయించనీకె అట్ల అంటున్నది. తొవ్వ తక్కువైతదని నేనే పోయిన” అంది.

మగవాళ్లు కాసేపు బయట నిలబడండి, నేను ఒక్కదాన్నే అడిగి రాసిస్తాను అని బతిమాలాను. జ్యూరీ లేకుండా చెప్పింది వాంగ్మూలం కాదన్నారు. పుస్తకం ప్రకారం వాళ్లు అన్నది నిజమే. మణెమ్మను తొలగించి నల్గొండ అమ్మాయిని జాతీయ పోటీలకు పంపారు.

బయటికొచ్చాక జంగయ్య సార్‌ను నిలదీశాను. మైకులో ఒక్క ముక్క చెప్పిస్తే ఏం పోయేది సార్ అన్నాను. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. “మైకులనా మేడమ్? ఆడపిల్లలది, గసొంటి ముచ్చట మైకుల ఎట్ల చెప్తం?” అన్నారు. ఆయన పిల్లల మర్యాదే చూశారు. అందుకే నాకు ఇప్పటికీ ఆయన మీద కోపం పూర్తిగా రాదు, పూర్తిగా పోదు.

రెండు రోజులు మణెమ్మ కాలేజీకి రాలేదు. మూడోరోజు వస్తే మైదానం చివర కూర్చోబెట్టుకుని అడిగాను. ఔను అంటే అయిపోయేది గదనే, పిచ్చిదానా, నీ సీటు పోయింది గద అని. నన్ను చూసి నవ్వబోయి ఆగిపోయింది.

“తొండి చేసిందంటే ఊరు నాలుగు దినాలల్ల మరుస్తది మేడమ్. గదంటే నేను సచ్చేదాంక మరువరు. ఫలాని దానికి ఉరికిన పిల్ల అని నా పెండ్లినాడు గూడ చెప్పుకుంటరు. మీరేమో పోయి మొత్తం చెప్పిండ్రి.”

నేను చెప్పింది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కానీ ఆ పిల్ల లెక్క నా లెక్క కంటే పక్కాది. ఇంటర్ తర్వాత ఆమె బీఏలో చేరిందని, తర్వాత జడ్చర్లలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి కుదిరిందని విన్నాను. విజిల్ ఊదే ఉద్యోగం మాత్రం రాలేదు. ఆమెలో ఒక మంచి పీఈటీ ఉందని నాకు తెలుసు. అది పోయింది, తిరిగి రాదు.

కొన్నేళ్ల తర్వాత నన్ను పోటీల నిబంధనలు సవరించే సంఘంలో వేశారు. మరుగుదొడ్ల గురించి చాలామంది చాలా మాట్లాడారు. నేను ఒక్క వాక్యం కోసం పట్టుబట్టాను. దారి దిగిన పోటీదారు ఎక్కడ దిగింది, ఎక్కడ ఎక్కింది అన్నదే చూడాలి, అంతరం ఉంటే దానికి తగిన టైము కలపాలి, ఎందుకు దిగిందని ఎవరూ అడగకూడదు. వసతి కట్టించడం తేలిక, నోరు తెరిచి అడిగితే గాని దక్కని వసతి మా పిల్లలకు లేనట్టే. నేను ఉద్యోగంలో నేర్చుకున్నది అంతే. వాక్యం ఒప్పుకున్నారు. అది పుస్తకంలోకి ఎక్కేనాటికి మణెమ్మ పోటీల వయసు దాటిపోయింది.