నలుపంటే గాలి

యుద్ధం రోజుల్లో గవర్నరుపేటలో ఒక డాక్టరుగారి దగ్గర ఎక్స్‌రే తీసే పని నాది. ఫిల్ము దొరకడమే గగనం. దానికి తోడు నాకు ముక్కు మీద కోపం. బొమ్మలో ఏముందో రోగులకు నేను చెప్పకూడదని డాక్టరుగారి కట్టడి. ఎవరేమడిగినా "డాక్టరుగారు చెబుతారు" అనేవాణ్ణి. ఆ ఒక్క మాటతో నా ఉద్యోగం హాయిగా గడిచిపోయేది.

ఒకరోజు కంకిపాడు వైపు నుంచి ఒక నేతగాడు భార్యను తీసుకొచ్చాడు. ఆమెకు క్షయ. ఆర్నెల్ల కిందట ఒక బొమ్మ తీశాం. జబ్బు తగ్గుతోందో లేదో చూడటానికి మళ్లీ తీయమన్నారు డాక్టరుగారు. తీశాక ఆమెను వరండాలో కూర్చోబెట్టి, ఫిల్ము ఆరేదాకా అతను నా బుర్ర తినేశాడు.

"ఏవండీ, ఆ వెలుగు చొక్కాలోంచి దూరిపోద్ది గదా, మరి ఎముక దగ్గర ఎందుకాగుద్దండీ?"

"నీకెందుకయ్యా? నీ మగ్గం గురించి నేనడిగానా?"

"అడగండి బాబూ, చెబుతాను."

ఎగతాళి కాదు. నిజంగానే మొదలెట్టాడు. పోగు తెగినచోటు బట్టను వెలుగుకి పట్టి ఎలా కనిపెడతారో ఎంత ఓపిగ్గా చెప్పాడంటే, నాకే సిగ్గేసింది. నేనేం తక్కువ తిన్నానా! గోడకున్న ఎవరిదో పాత బొమ్మ చూపించి నేనూ పాఠం అందుకున్నాను.

"ఈ నల్లనిదంతా గాలి. వెలుగు తిన్నగా పోయింది. తెల్లగా ఉంటే అడ్డం తగిలినట్టు. ఎముకన్నా కావచ్చు, ఊపిరితిత్తి పాడై గాలి ఆడని చోటన్నా కావచ్చు."

నా మాట అంత శ్రద్ధగా విన్నవాడు అంతకుముందు లేడు. మహా గర్వపడ్డాను.

ఆరిన ఫిల్మునీ, ఆమె పాత ఫిల్మునీ డాక్టరుగారి బల్ల మీద పెట్టబోతుంటే, "ఒక్కసారి చూడనివ్వండి" అన్నాడు. ఇవ్వకూడదు. బుద్ధి గడ్డితిని ఇచ్చాను.

రెండూ పక్కపక్కన కిటికీకి ఎత్తిపట్టాడు. పాతదాంట్లో కుడివైపు పైన ఉసిరికాయంత తెలుపు. కొత్తదాంట్లో అది ఊపిరితిత్తి సగం దాకా దిగింది. పాతదీ కొత్తదీ మార్చి మార్చి చూశాడు. జబ్బు తగ్గుతోందా అన్న ఆ ఒక్కటీ అడగడానికి నోరు రాక, ఇంతసేపూ నన్ను వెలుగు గురించీ ఎముక గురించీ అడిగాడని అప్పుడు తెలిసింది నాకు. చెప్పేసినదాన్ని ఇప్పుడెలా వెనక్కి తీసుకోను?

"బాబుగారూ, తెలుపు పెరిగితే..."

"డాక్టరుగారు చెబుతారయ్యా" అన్నాను.

ఫిల్ములు నా చేతిలో పెట్టి వరండాలోకి వెళ్లాడు. వెనకే నేనూ గుమ్మం దాకా వచ్చాను. ఆమె ఆశగా లేచి నిలబడింది.

"ఏమన్నారు?"

"అదంతా మనకి అర్థమయ్యేది కాదులే."

"అదేంటి, అంతసేపు చెప్పారుగా!" అని ఆమె నావైపు తిరిగి నవ్వింది. "నాకూ ఓసారి చెప్పండి అన్నయ్యగారూ. ఈయనకన్నా నాకే తొందరగా అర్థమవుద్ది."