దుప్పటి కింద బేరం

మంచం దిగకుండా, ధర చెప్పకుండా, కొనేవాడికి కూడా తెలియకుండా మామిడి తోట కాపు మొత్తం అమ్మేసిన ఘనుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి.

ఎనభైల్లో మాట. పిత్తాశయంలో రాళ్ళున్నాయని నాకు విజయవాడలో ఆపరేషన్ చేశారు. ఇప్పట్లా పొట్టకి చిన్న చిల్లులు పెట్టి, మర్నాడు ఇంటికి పంపే రోజులు కావవి. గోనెసంచిలా కోసి, గోనెసంచిలాగే కుట్టారు. "నవ్వకూడదు, దగ్గకూడదు, బరువులెత్తకూడదు" అన్నారు డాక్టరు గారు. నిజం చెప్పొద్దూ, నూజివీడులో మా ఇంట్లో ఆ మంచం మీద నేను పడ్డ సుఖం కొత్త అల్లుడిగా కూడా పడలేదు. మా ఆవిడ సుశీల చారన్నం కలిపి పెట్టేది. ఊరంతా మామిడి కోతల హడావిడిలో ఉంటే, నేను ఫ్యాను కింద కాళ్ళు చాపుకుని ఉన్నాను.

వెలితి ఒక్కటే. ఆగిరిపల్లి దగ్గర మా తోట కాపు ఇంకా అమ్ముడుపోలేదు. గాలివాన వస్తే కాయంతా నేలపాలు. అయినా నాన్నగారు బేరం నాకెప్పుడూ అప్పగించేవారు కాదు. "నీకింకా చెయ్యి తిరగలేదురా" అనేవారు. మా వైపు మామిడి బేరం నోటితో చెయ్యరు మరి. తువ్వాలు కింద ఇద్దరూ చేతులు కలుపుతారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. గట్టిగా నొక్కితే ఒప్పుకున్నట్టు. ఒక్కసారి అలా బేరం చేసి నాన్నగారి చేత శభాష్ అనిపించుకోవాలని నా కోరిక.

ఒక మధ్యాహ్నం మామిడి వ్యాపారి రంగయ్య గారు బత్తాయిలు పట్టుకుని పరామర్శకి వచ్చారు. కాసేపు అయ్యో పాపం అన్నారు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, మెల్లగా నా దుప్పటి కిందకి చెయ్యి పోనిచ్చారు!

నా గుండె ఝల్లుమంది. మామిడి వ్యాపారి, పైన గుడ్డ, కింద చెయ్యి. ఇంకేం కావాలి చెప్పండి?

ఆయన నా అయిదు వేళ్ళూ కలిపి పట్టుకున్నారు. అయిదు! ఆ ఏడాది మూడు దాటి ఎవరూ పట్టుకోలేదు.

"నిబ్బరంగా ఉండు అబ్బాయ్. అంతా మంచే జరుగుద్ది" అన్నారు.

"మీ మాట మీదే ఉంటానండీ" అని గట్టిగా నొక్కాను. ఆయన కళ్ళు చెమర్చాయి. ఇంకా గట్టిగా నొక్కారు. నా కళ్ళూ చెమర్చాయి.

ఆయన కాఫీ తాగడానికి హాల్లోకి వెళ్ళగానే నాన్నగారిని పిలిచాను.

"నాన్నా, కాపు అమ్మేశాను. అయిదు వేళ్ళు!"

"అయిదా! ఎవరికిరా?"

"రంగయ్య గారికి. దుప్పటి కింద!"

నాన్నగారు నా తల నిమిరారు. అందుకోసం ఇంకో ఆపరేషన్ అయినా చేయించుకునేవాణ్ణి. ఆయన, మా కాపు కోసమే వచ్చి వీధి అరుగు మీద జవాబుకి ఎదురుచూస్తున్న విస్సన్నపేట వ్యాపారికి దణ్ణం పెట్టి, "బేరం అయిపోయిందండీ, ఏమీ అనుకోకండి" అన్నారు. మూడు వేళ్ళు పట్టుకున్న ఆ పెద్దమనిషి మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయాడు.

నాన్నగారు హాల్లోకి వచ్చి, "రంగయ్య గారూ, కాయ దింపడానికి మనుషుల్ని రేపే పంపుతారా?" అని అడిగారు.

"ఏ కాయండీ?"

"అదేంటి, మావాడి చెయ్యి పట్టుకున్నారుగా!"

"పట్టుకోనా మరి? పొట్ట కోయించుకుని పడుకున్నాడు, ధైర్యం చెబుదామని పట్టుకున్నాను. పాపం, ఎంత నొప్పిగా ఉందో, ఒకటే నొక్కుడండీ!"

ముందు సుశీల నవ్వింది. తర్వాత రంగయ్య గారు. సిగ్గుతో చచ్చిపోతూనే నేనూ నవ్వాను, పొట్టకి దిండు అదుముకుని, "అమ్మో కుట్లు, ఆపండి!" అని మొత్తుకుంటూ.

నాన్నగారు మాత్రం నవ్వలేదు. భుజం మీది తువ్వాలు తీసి రంగయ్య గారి ముందు చాపారు. వచ్చిన వ్యాపారి వెళ్ళిపోవడం రంగయ్య గారు కిటికీలోంచి చూడనే చూశారు. తువ్వాలు చాలాసేపు కదిలింది.

"ఎన్ని వేళ్ళు నాన్నా?" అన్నాను నీరసంగా.

"రెండు" అన్నారు నాన్నగారు. తర్వాత సుశీల వైపు తిరిగి, "అమ్మాయ్, వీడి చేతులు దుప్పటి పైనే ఉండేలా చూడు. ఇంకొకళ్ళు పరామర్శకొస్తే ఇల్లు కూడా అమ్మేస్తాడు" అన్నారు.

అందుకే చిన్నరసం మామిడి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇక నాకే జబ్బు చేసినా, ఎవరొచ్చినా, రెండు చేతులూ జోడించి నమస్కారమే పెడతాను. ధైర్యం చెప్పదలచుకున్నవాళ్ళు దూరంగా నిలబడి నోటితో చెప్పవచ్చు.