వీపు చూపించిన కుక్క

అసూయ అనేది పుస్తకాల్లో మాట. నాకున్నది కుళ్ళు. అది కూడా ఒక కుక్క విషయంలో, సొంత ఆడపడుచు మీద.

ఎనభైల చివర మేం రేపల్లెలో ఉండేవాళ్ళం. మా ఆయన గుమస్తా. ఆయన చెల్లెలు చెరుకుపల్లిలో టీచరు, పొద్దున్నే బస్సెక్కితే మళ్ళీ సాయంత్రం ఐదింటికే దిగేది. పగలంతా ఇంట్లో మా అత్తగారు, నేను. ఒకరోజు మా ఆయన తెనాలి నుంచి ప్యాసింజర్‌లో వస్తూ, కూరగాయల సంచిలో గోధుమరంగు కుక్కపిల్లని పెట్టుకొచ్చారు. "నీకోసమే తెచ్చాను" అన్నారు. ఆ మాట ఆయన మర్చిపోయారేమో గానీ నేను మర్చిపోలేదు.

దానికి గంజి పోసింది నేను. చేప తలకాయలు ఉడకేసి ముళ్ళు తీసి పెట్టింది నేను. చెవుల్లోంచి గోమార్లు ఏరింది, గడ్డి తిని కక్కితే ఎత్తిపోసింది నేను. ఇంత చాకిరీ నేను చేస్తే అది ప్రేమ చూపించింది మాత్రం ఆడపడుచు మీద.

నాలుగున్నర అయ్యేసరికి గేటు దగ్గరకి చేరేది. ఆమె మలుపు తిరగ్గానే మూలుగుతూ, గిరగిరా తిరుగుతూ, సంతోషం పట్టలేక మెట్ల మీదే ఒంటేలు పోసేది. బకెట్టు తెచ్చి అది కడిగేది కూడా నేనే. పగలు ఆమె ఇంట్లో లేనప్పుడు ఆమె పాత చెప్పొకటి నోట కరుచుకుపోయి గోనెసంచి మీద పెట్టుకునేది. దాని చుట్టూ నాలుగుసార్లు తిరిగి, గడ్డం ఆ చెప్పు మీద ఆనించి పడుకునేది. నా చెప్పులు పక్కనే ఉండేవి. ఒక్కనాడూ ముట్టుకోలేదు.

అదలా ఉంచండి. నేను కత్తిపీట ముందు కూర్చోగానే ఎక్కడున్నా వచ్చేది. వచ్చి, నా కాలికి ఆనుకుని, నాకు వీపు పెట్టి వీధి వైపు చూస్తూ కూర్చునేది. ఒళ్ళు మండిపోయేది నాకు. మా ఇళ్ళలో ఎవరైనా మనకి వీపు పెట్టి కూర్చున్నారంటే మాటల్లేవని లెక్క. చిన్నప్పుడు పెద్దవాళ్ళ ముందు అలా కూర్చుంటే మా వీపు విమానం మోత మోగేది. "ఏంటే నీ పొగరు?" అని తిడితే తలతిప్పి నా మొహాన ఇంత నోరు తెరిచి ఆవలించేది.

"అన్నం పెట్టిన చేతి మీద విశ్వాసం లేని కుక్కని ఇప్పుడే చూస్తున్నానమ్మా" అన్నారు ఒకరోజు మా అత్తగారు.

మా ఇంట్లో విశ్వాసం తేలిక మాట కాదు. చర్చిలో వినేది అదే, సాయంత్రం ప్రార్థనలో పదిసార్లు పలికేదీ అదే. "అయితే ఈ ఇంట్లో అవిశ్వాసి ఇదొక్కటేనన్నమాట" అని మా ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి దాన్ని అవిశ్వాసి అనే పిలిచాను. పిలిస్తే తోకాడించుకుంటూ వచ్చేది, వచ్చి మళ్ళీ వీపే పెట్టేది.

రెండేళ్ళకి ఆడపడుచుకి పెళ్ళయింది. బాపట్లలో కాపురం. సామాను వ్యానుకెక్కిస్తుండగా నా దగ్గరకొచ్చి, "వదినా, దీన్ని నాతో పంపిస్తావా?" అంది. కుక్క అప్పుడు కూడా నా కాలికి ఆనుకుని వీపు పెట్టుకునే కూర్చుంది. "తీసుకుపోమ్మా. దానికి నేనెవర్ని?" అన్నాను. అది మీ వదినది కదా అని మా ఆయన ఒక్క మాట అంటారేమోనని చూశాను. ఆయన మంచం కోళ్ళకి తాడు కడుతున్నారు.

వ్యానెక్కమంటే అది ఒకసారి ఇంట్లోకి పరిగెత్తి మళ్ళీ వచ్చిందట. నేను చూడలేదు. గోడ వైపు తిరిగి నిలబడ్డాను. సాయంత్రం గుమ్మంలో చూస్తే నా నీలం హవాయి చెప్పుల్లో ఎడమది లేదు. సామాను మోసినవాళ్ళు ఎక్కడో తన్నేసుంటారని వాళ్ళనీ తిట్టిపోశాను.

ఆరు నెలల తర్వాత బాపట్ల వెళ్ళాను. గేటు తీశానో లేదో, లోపల్నుంచి ఒకటే మూలుగు. గిరగిరా తిరిగింది, నా చీర కుచ్చిళ్ళు పట్టి లాగింది, వరండా అంతా ఒంటేలు పోసింది. ఈసారి గుడ్డ తెచ్చింది ఆడపడుచు. బయటికెళ్ళి తిరిగొచ్చినవాళ్ళకే ఆ మర్యాదని, రెండేళ్ళలో నేను చర్చికి తప్ప గడప దాటి ఎక్కడికీ వెళ్ళలేదని అప్పుడు తట్టింది నాకు.

అది లోపలికెళ్ళి నోట ఏదో కరుచుకొచ్చి నా ముందు పడేసింది. నా నీలం చెప్పు. మడమ దగ్గర కొరికేసి ఉంది.

"రోజూ దాని మీదే పడక" అంది ఆడపడుచు, నేల తుడుస్తూ. "రేపల్లెలో నీ కాలికి ఆనుకుని వీపు పెట్టి కూర్చునేది చూడు, నా దగ్గర ఒక్కసారన్నా అలా కూర్చోలేదు వదినా. ఇక్కడ పశువుల డాక్టరుగార్ని అడిగాను. తమకి విశ్వాసం ఉన్న మనిషికే వీపు పెడతాయంట, వెనకాల వాళ్ళున్నారన్న ధీమా అంట. తిడితే ఆవలించేది కూడా భయపడేనంట."

"మరి దాన్ని నీతో పంపమని ఎందుకడిగావు?"

"అందుకే అడిగాను."

నేను తిట్టలేకపోయాను. రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఒకే కుక్కని చూసి ఒకరి మీద ఒకరం ఏడ్చాం.

"అయితే ఇప్పుడిచ్చెయ్" అన్నాను.

తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తూ, "ఇవ్వను వదినా" అంది.

కుక్క నాలుగుసార్లు తిరిగి నా కాలికి ఆనుకుని, నాకు వీపు పెట్టి కూర్చుంది. దాని వీపు మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నాను. ఆ పాత చెప్పులో నా వాసన ఇంకెన్నాళ్ళుంటుందని లెక్కేసుకున్నాను.

సాయంత్రం నేను వేసుకొచ్చిన చెప్పులు గుమ్మంలో వదిలేసి, ఆడపడుచువి తొడుక్కుని బస్సెక్కాను. వదిన పొరపాటున మార్చుకుందని ఆమె అందరితో చెప్పిందట. పొరపాటు కాదు.