రామ్మోహనరావుగారి టీ చౌర్యం

రామ్మోహనరావుగారు తమ టీ తాము తాగి ఎరుగరు. ఆయన తాగేది ఎల్లప్పుడూ పక్కవారి టీ.

మాదాపూర్‌లో భవనాలకన్న బండరాళ్ళే ఎక్కువగా ఉన్న రోజులవి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తికమకపడతాయన్న భయంతో దేశదేశాలవారూ పని పంపుతున్న ఒక కొత్త ఆఫీసుకు రావుగారు మేనేజరు. ఇంటర్వ్యూకు వచ్చిన అభ్యర్థి టీని తామే తాగేసి, "ఇంతకీ మీకు టీ అలవాటుందా?" అని అడిగిన ఘనులు. పరామర్శకు వెళ్ళిన ఇంట్లో కూడా ఆయన చెయ్యి ఊరుకోలేదని వదంతి. తేనీరనే మాటలో తేనె ఎక్కడిదో నిఘంటువులు చెప్పవు కాని, రావుగారి మటుకు అది పరుల కప్పులోనే ఉండేది.

నంద్యాల నుంచి వచ్చి ఆ ఆఫీసులో చేరిన నవ్యకు మాత్రం ఇది నవ్వులాట కాలేదు. పాపం, రెండంతస్తులు ఎక్కితే ఆయాసం; మధ్యాహ్నానికి కళ్ళు తిరగడం. ఒంట్లో ఇనుము తక్కువై రక్తం క్షీణించిందని తేల్చి, భోజనం కాగానే వేసుకొమ్మని డాక్టరమ్మ మాత్రలిచ్చింది. తండ్రి పుల్లయ్య ఫోనులో ఒకటే మాట అన్నాడు: "వచ్చే పరీక్షలో రక్తం పెరగలేదంటే ఉద్యోగమూ వద్దు, గిద్యోగమూ వద్దు. పెట్టె సర్దుకోని ఇంటికొచ్చేయ్ మ్మా!"

నవ్య మాత్రలు తప్పకుండా వేసుకొనేది, పొగలు కక్కే టీతో.

"మాత్రతో టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదని డాక్టరమ్మ చెప్పిందన్నావు కదమ్మా?" అన్నారు రావుగారు.

"ఆ తుప్పు వాసన పోవద్దా సార్? ఒక్క కప్పే కదా!"

మరునాటి నుంచి ఆ ఒక్క కప్పూ మాయం. ఆమె మాత్ర నోట్లో వేసుకొని చెయ్యి చాచేసరికి కప్పు రావుగారి మూతి దగ్గర ఉండేది. దాని స్థానంలో ఒక గ్లాసు నిమ్మకాయ నీళ్ళు.

"ఇది దోపిడీ సార్!"

"దోపిడీ అంటావేంటమ్మా? వస్తుమార్పిడి!"

నవ్య ఉపాయం పన్నింది. రావుగారికి అల్లం గిట్టదు. అల్లం వేసిన కప్పొక్కటే ఆ ఆఫీసులో క్షేమంగా ఉండేది. టీ తెచ్చే సక్కుబాయితో, "నా టీలో దండిగా అల్లం దంచెయ్ అక్కా" అంది. రావుగారు వచ్చారు, వాసన చూశారు, ముక్కు మూసుకొన్నారు, కళ్ళనీళ్ళు కారుతుండగా గటగటా తాగేశారు.

"ఏంది గిట్ల! అల్లం దిక్కే సూడని సారు!" అని సక్కుబాయి నోరు తెరిచింది.

నవ్య రోజురోజుకూ అల్లం పెంచింది. ఆయనకు పొలమారడమూ పెరిగింది. గత్యంతరం లేక నిమ్మకాయ నీళ్ళతోనే మాత్రలు మింగింది.

రెండు నెలల తరువాత చేసిన పరీక్షలో రక్తం పెరిగింది. "మాత్రతో టీ మానేశావన్నమాట! బాగుపడ్డానని మాత్రలు మాత్రం ఆపకు" అని డాక్టరమ్మ మెచ్చుకొంది. ఆసుపత్రి మెట్లు దిగుతుండగా నవ్యకు తట్టింది: సాయంత్రం తాను తాగే టీని, అందులో అల్లం లేకపోయినా, రావుగారు ఒక్కనాడూ ముట్టలేదు!

మరునాడు మధ్యాహ్నం ఆమె నిమ్మకాయ నీళ్ళతో మాత్ర వేసుకొని, అల్లం లేని కమ్మని టీ ఒకటి తెచ్చి రావుగారి బల్లమీద పెట్టింది.

"మీ కోసమే సార్. నాయన ఇంక ఇంటికి రమ్మనడంలే."

ఆయన ముఖం వికసించింది. అంతలో కప్పువైపు చూడగానే ముడుచుకొంది.

"చాలా సంతోషమమ్మా. కానీ, నాదేనని ఇచ్చాక ఇంక రుచేముంటుంది?" అంటూ, పక్క బల్లమీది సురేంద్ర కప్పు అందుకొన్నారు.