మంట లేనిదే క్లిక్కు లేదు

చేవెళ్ల ఫోటోగ్రాఫర్ జగదీశ్‌కు లోకం ఎరిగిన గుణం ఒక్కటే: పక్కన మంట వెలగనిదే ఏ వస్తువునూ ఫోటో తీయడు. వంకాయ కానివ్వండి, కళ్లజోడు కానివ్వండి, పెళ్లికూతురి గాజులు కానివ్వండి, ముందు అక్కడ నిప్పు పుట్టాలి, ఆ తరువాతే కెమెరా కన్ను తెరుస్తుంది. మనుషులంటే ఆయనకు లోకువ. "మనిషి కదులుతడు. పైగా మంచిగ రాలేదని కొట్లాడుతడు. వంకాయ ఎప్పుడన్న కొట్లాడిందా?" అని అడిగేవాడు. వంకాయ తరఫున ఎవరూ జవాబు చెప్పేవారు కారు. అందుచేత పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్లి ఆల్బములు వంటి లౌకిక వ్యవహారాలన్నీ భార్య కవితకు ధారపోసి, తాను స్టూడియో వెనక గదిలో అగ్నిహోత్రుడై కూర్చున్నాడు.

ఆ విద్యను స్టిల్ లైఫ్ అంటారు. వస్తువులను బల్ల మీద పొందికగా పేర్చి తీసే ఫోటోలు. చేవెళ్ల మాత్రం ఆ పేరును తన చెవికి అనువుగా విన్నది. ఒకనాడు మాజీ సర్పంచి వసంతమ్మ ఇద్దరు మనుషుల చేత గంజులు, బకెట్లు, తట్టలు మోయించుకుని స్టూడియోకు వేంచేసింది.

"స్టీలు లైఫు ఫోటోలు తీస్తవంట గదా! ఇగో, మా ఇంట్ల స్టీలంతా తెచ్చిన. జర మంచిగ తియ్యి."

అది స్టీలు కాదని జగదీశ్ చెప్పబోయాడు. అంతలో ఆయన చేతిలోని అగ్గిపుల్ల వెలుగు పెద్ద గంజు పొట్ట మీద పడి, ఒక మంట సాగి, వంగి, మంటల జాతర అయింది. ఆయనకు పూనకం వచ్చింది. ఎడాపెడా ఫోటోలు తీశాడు. మంటలు అద్భుతంగా వచ్చాయి. గంజు నట్టనడుమ, బనీను మీద ఉన్న జగదీశ్ కూడా అద్భుతంగా వచ్చాడు.

వసంతమ్మ ఫోటోను ఒకసారి దూరంగా, ఒకసారి దగ్గరగా పట్టుకుని చూసింది. "మంచిగనే ఉన్నది గని, మా గంజుల నువ్వెందుకున్నవ్?"

కవిత కష్టాలు వేరు. మంట బాగా కనపడాలంటే వెనక నల్లగా ఉండాలట. అందుకని ఆమె నల్ల చున్నీలు ఒక్కొక్కటే వెనక గదిలోకి వెళ్లేవి, చిల్లులతో బయటికి వచ్చేవి. నీళ్ల బకెట్, తడి గోనెసంచి పట్టుకుని ఆమె ఫైరింజను ఉద్యోగం వెలగబెట్టేది. షట్టర్ వేగంగా పడితే మంటకు గోళ్లు వస్తాయని, నిదానంగా పడితే పట్టుకొంగులా పారుతుందని ఆయన ఉపన్యసిస్తుంటే, ఆమె కళ్లు కొంగు మీదే ఉండేవి. తన కొంగు మీద.

దేవుడి గూటిలో కర్పూరం నిలిచేది కాదు.

"కర్పూరమేదయ్యా?"

"టమాట ఎనక పెట్టిన."

"మరి దేవునికి?"

"దేవుడు ఆగుతడు కవితా. టమాట వాడిపోతది."

ఇట్లా ఉండగా అజీజ్‌నగర్‌లోని ఒక రిసార్టు నుంచి కబురు వచ్చింది. మేనేజర్ రంజిత్‌కు మెనూ కార్డు కోసం ఫోటోలు కావాలి. ప్రతి వంటకం వెనకా మంట లేవాలి. తన పిచ్చిని ఎవరో కోరి పిలవడం జగదీశ్ జీవితంలో అదే మొదలు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కవిత బకెట్ తీసుకుంది.

రిసార్టు గేటు దగ్గర గొడవ జరుగుతోంది. అక్కడ నీలమ్మ అనే ముసలామె తోపుడుబండి మీద కుంపటి పెట్టుకుని మక్క కంకులు కాల్చి అమ్ముతుంది. బండి తీసెయ్యమని రంజిత్ అంటున్నాడు.

"పొగొస్తున్నదవ్వా. గెస్టులకు మంచిగుండది. మాపటి వరకు ఖాళీ చెయ్యి."

"నీ రిసార్టుకు గోడలు లేవకముందు సంది ఈడనే ఉన్న. పొగ నాది, ముక్కు నీది. అటు తిప్పుకో!" అని నీలమ్మ విసనకర్ర ఝళిపించింది. రంజిత్ లోపలికి వెళ్లగానే ఆమె గొంతు తగ్గింది. "మొయినాబాద్ చౌరస్తల నాకెవడు జాగ ఇస్తడు బిడ్డా? ఈ బండి జరిగితే నా పొయ్యి ఆరినట్టే."

ఇది కవితతో అన్నది. జగదీశ్ కుంపటిని చూస్తున్నాడు, విన్నాడో లేదో తెలియలేదు.

లోపల తెల్లటి గుడ్డ పరిచిన బల్ల మీద పన్నీరు, చేపలు, కోడి కాళ్లు కొలువుదీరాయి. జగదీశ్ వాటి చుట్టూ ప్రదక్షిణం చేసి పెదవి విరిచాడు.

"ఈ మంట పనికిరాదు తమ్మి."

"ఇంకా ఎలిగియ్యనే లేదు గదన్నా! లైటరున్నది."

"దానికి ప్రాణం లేదు."

"గ్యాస్ పొయ్యి?"

"అది నీలంగ ఏడుస్తది. గేటు కాడ అవ్వ కుంపటున్నది చూడు, ఆ నిప్పు కావాలె. గసొంటిది ఇంకేడ లేదు."

కవిత బకెట్ కింద పెట్టి మొగుడి ముఖం చూసింది. పెళ్లయిన నాటి నుంచి ఆయన బొగ్గుల నిప్పును వాడగా ఆమె చూడలేదు.

"అట్లయితే కుంపటి లోపలికి తెప్పిస్త."

"ఆఁ! కదిలిస్తే ఎట్ల? స్టిల్ అంటేనే కదలనిది. దాన్ని జరిపినవనుకో, స్టిల్ పోతది. లైఫ్ కూడ పోతది. నీ బల్లనే ఆడికి తీస్కపోదాం."

"నాకు పిచ్చిలేసిందా? వేరే ఫోటోగ్రాఫర్‌ని పిలుస్త!"

"పిలువు. ట్యూబ్‌లైటు కింద తీస్తడు. నీ పన్నీరు దవాఖానల పండుకున్నట్టు కనవడతది."

రంజిత్ పన్నీరు వంక చూశాడు. అది అప్పటికే కొంచెం నీరసంగా ఉంది.

ఆ విధంగా బల్ల, గుడ్డ, చేపలు, కోడి కాళ్లు ఊరేగింపుగా గేటు దాటి నీలమ్మ సముఖానికి చేరాయి. కవిత అడగకుండానే తన మెడలోని నల్ల చున్నీ తీసి వెనక చాపి పట్టుకుంది. అక్కడి నుంచి చూస్తే అంతా తేటగా కనపడింది: పట్టపగలు కుంపట్లో బొగ్గులు బూడిద పూసుకుని నిద్రపోతున్నాయి. జగదీశ్ ప్రతి పళ్లెం వెనకా చేయి చాటు చేసి తెల్లటి బిళ్ల ఒకటి పెట్టి వెలిగిస్తున్నాడు. మంట సింహం జూలులా లేస్తోంది. నీలమ్మ మాత్రం అదంతా తన బొగ్గుల ప్రతాపమే అనుకుని కసిగా విసురుతోంది. కవితకు కర్పూరం వాసన వచ్చింది. చున్నీని ఇంకాస్త పైకెత్తి పట్టుకుంది.

ఫోటోలు చూసి రిసార్టు యజమాని మురిసిపోయాడు. మెనూ మారినప్పుడల్లా ఇట్లాగే కావాలన్నాడు.

"అట్లయితే అవ్వ ఈడనే ఉండాలె సార్," అన్నాడు జగదీశ్, తీర్పు చదువుతున్న జడ్జిలా. "నిప్పు మారితే పాత ఫోటోకు కొత్త ఫోటో కలవది."

బండిని ఎవరూ ముట్టుకోవద్దని యజమాని అక్కడే హుకుం జారీ చేశాడు.

తిరుగుదారిలో కవిత అడిగింది. "బొగ్గుల నిప్పు ఫోటోల పడ్డదా?"

"యాడ పడతది? బూడిద లెక్క వచ్చింది."

"మరి గంత అబద్ధం ఎట్ల చెప్పినవయ్యా?"

"నేను గాదు, కెమెరా చెప్పింది," అని జగదీశ్ స్కూటర్ వేగం పెంచాడు.

కొన్నాళ్లకు కవిత అటు వెళ్లి, నీలమ్మ దగ్గర కంకి తింటూ నిలబడింది. పట్నం నుంచి వచ్చిన యువకుడొకడు కుంపటి మీదికి వంగి సిగరెట్ ముట్టించబోయాడు. విసనకర్ర ఫట్‌మని వాడి చేతి మీద పడింది.

"ఏయ్! ఫోటోలకు పోయే నిప్పది! లోకంల ఇంకేడ లేదంట. అంటించుకోనీకి నీకు ఇదే దొరికిందా?"

వాడు చేయి రుద్దుకుంటూ కవిత వైపు తిరిగాడు. "నిజమేనా ఆంటీ?"

కవిత నోట్లోని గింజలు నింపాదిగా నమిలి మింగింది. కోర్టు బోనులో సాక్షిలా నిటారుగా నిలబడింది.

"చేవెళ్లకెళ్లి మొయినాబాద్ దాంక ఎతికినం తమ్మి. గిసొంటి నిప్పు ఇంకేడ దొరకలే."